గుంతలో నీలం నీళ్లు

ఆగస్టు 11, ఆదివారం

లూనా హెడ్‌లైట్ రింగును ఈరోజు నికెల్ నీళ్లలోంచి బయటికి తీశాను. నమ్మలేకపోయాను. తాండూరులో పాత బండ్లు బాగుచేసే కాశిఫ్ భాయ్ పంపినప్పుడు అది గోరుతో గీరితే పొట్టులా రాలేది. ఇప్పుడు అందులో నా ముక్కు, వెనక వంటింటి తలుపు, దండెం మీది బట్టలు అన్నీ వంకరగా కనిపిస్తున్నాయి. ముందు సన్నగా నికెల్ పూత, దాని మీద మందంగా రాగి, రాగిని నున్నగా రుద్ది మళ్లీ నికెల్. తుప్పు తిన్న గుంటలన్నింటినీ రాగి పూడ్చేసింది.

అమ్మ చూసి "కొత్తది కొన్నరా?" అంది. నాయిన రింగును అద్దంలా ఎత్తి పట్టుకుని మీసం సవరించుకున్నాడు. "మా మల్లీశ్వరి సదువు గిప్పుడు మెరిసింది" అన్నాడు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఇంట్లో కూర్చుందని ఇంతకాలం విన్న మాటలన్నీ ఒక్కసారి కడిగేసినట్టయింది. కాశిఫ్ భాయ్‌కి ఫొటో పంపాను. ఆయన షెడ్డులో ఇలాంటి పాత బండ్లు ఇంకా చాలా ఉన్నాయి. విడిభాగాలన్నీ నాకే పంపుతానన్నాడు.

రాగి పూత తొట్టిలో నీళ్లు చెడిపోయాయి. ఇనుము కలిసి రంగు మారింది, పూత నల్లగా పడుతోంది. రెండు బక్కెట్లూ ఇంటి వెనక బండగుంతలో పారబోశాను. రేపు కొత్తగా మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, బ్యాటరీ యాసిడ్ కలపాలి.

నాయిన కూడా కొంచెం మైలుతుత్తం అడిగాడు. వానలకు గొర్రెల గిట్టల మధ్య చీము పడుతోందట. నా డబ్బాలోంచి ఇచ్చాను.

ఆగస్టు 12, సోమవారం

నాయిన పొద్దున మందకు తొట్టి నిండా నీళ్లు తాపాడు. కడుపులు నిండాకే ఒక్కొక్కదాన్ని పట్టుకుని మైలుతుత్తం నీళ్లలోంచి నడిపించాడు. దాహంగా ఉంటే ఆ నీళ్లే తాగేస్తాయట. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అరవై గొర్రెలనూ ఒక్కడే పట్టాడు. ఒక్కదాని మూతీ ఆ నీళ్లకు తగలనివ్వలేదు.

ఆగస్టు 13, మంగళవారం

కుండపోత వాన. కరెంటు లేదు. ప్లేటింగ్ లేదు.

ఆగస్టు 14, బుధవారం

వాన తగ్గింది. ముందు బాట బురదైందని నాయిన సాయంత్రం మందను ఇంటి వెనక నుంచి తోలుకొచ్చాడు. కొత్త రాగి నీళ్లు కలిపాను. ఆకాశం రంగు.

ఆగస్టు 15, గురువారం

నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి. ఇంకా కొన్ని పడి ఉన్నాయి. తర్వాత రాస్తాను.

ఆగస్టు 15, మళ్లీ

పది దాటాయి.

పొద్దున అమ్మ కేక విని దొడ్డిలోకి పరిగెత్తాను. నాయిన నేల మీద కూర్చుని ఒక గొర్రె తలను ఒడిలో పెట్టుకుని దాని మూతి నురగ తుడుస్తున్నాడు. పక్కన ఇంకొకటి లేవబోయి ముందుకాళ్ల మీద కూలిపోయింది. అంత మందలో ఒక్క అరుపు లేదు. గొర్రెలు అరవకుండా చస్తాయని నాకు తెలియదు.

బీరన్న చిన్నాయిన పక్క దొడ్డిలోంచి గోడ దూకి వచ్చాడు.

"అన్నా, లేత జొన్నల వడ్డయా ఏంది? పచ్చ జొన్న తింటె గిట్లనే కొట్టుకుంటయ్."

"నేనుండంగ జొన్నలకు ఎట్ల వోతయ్‌రా?" అన్నాడు నాయిన. తల ఎత్తలేదు.

అమ్మ మజ్జిగ తెచ్చి ఒక్కొక్కదాని నోరు విప్పి పోసింది. నేను కాళ్లు పట్టుకున్నాను. ఒకటి నేను పట్టుకుని ఉండగానే పోయింది. కాలు వెచ్చగానే ఉంది, బిగుసుకోవడం ఆగిపోయింది, అంతే. నేను దాన్ని వదలలేదు. అమ్మ వచ్చి నా వేళ్లు విడదీసింది.

పెంట నీలంగా, పచ్చగా, నీళ్లలా పడింది. వానాకాలం పచ్చగడ్డి తింటే పచ్చగానే పడుతుంది కదా. అందరూ చూశారు.

ఆగస్టు 16, శుక్రవారం

ఇంకా తొమ్మిది.

పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చినదాన్ని ఒకదాన్ని చింతచెట్టు కింద కోసి చూశాడు. నన్ను దూరంగా ఉండమన్నారు గానీ ఉండలేకపోయాను. కడుపు లోపలి గోడంతా నీలిపచ్చ రంగు అంటుకుని ఉంది. నా తొట్టి అంచున అట్టకట్టే రంగు. కాదు. అలాంటి రంగు. రంగులు చాలా ఉంటాయి.

"పెద్దాయనా, మైలుతుత్తం ఏమన్న వాడినవా?"

"కాళ్లకు ముంచిన సార్. సోమారం నాడు. యేటా ముంచుత."

"ముందు నీళ్లు తాపినవా?"

"తాపిన."

"పక్కానా? దాహంగున్నయంటే ఆ ముంచే నీళ్లే తాగుతయి. గొర్రెకు రాగి అస్సలు పడదు. ఆవు తట్టుకుంటది, మేక తట్టుకుంటది, గొర్రె తట్టుకోదు."

నాయిన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "తాపిన గదా" అన్నాడు. ఈసారి అడిగినట్టుగా అన్నాడు. అమ్మ వైపు చూశాడు. అమ్మ ఆ రోజు పొలంలో కలుపు తీయడానికి పోయింది. తర్వాత నా వైపు చూశాడు.

నాకు నోరు రాలేదు. నిజానికి ఆ రోజు నేను సరిగా చూశానో లేదో. తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో కూడా గుర్తులేదు.

డాక్టరు మంచివాడు. నాయిన భుజం మీద చెయ్యి వేసి, "వయసు మీద వడ్డప్పుడు ఒక్కోసారి మరుస్తం. మిగిలినయి బతుకుతయి తియ్యి" అన్నాడు. మిగిలినవాటికి సూదులు వేశాడు.

గొర్రెకు రాగి పడదని నాకు ఎవరూ చెప్పలేదు. నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఆగస్టు 17, శనివారం

బండగుంత గురించి. రాయకపోతే ఏదో దాస్తున్నట్టు అవుతుంది కాబట్టి రాస్తున్నాను.

అది ఎవరో ఎప్పుడో బండ కోసం తవ్వి వదిలేసిన గుంత. అడుగంతా షాబాదు బండ. షాబాదు బండ అంటే సున్నపురాయి. యాసిడ్ సున్నపురాయికి తగిలితే విరిగిపోతుంది, రాగి ఆ రాతికే పట్టుకుని అడుగున కూర్చుంటుంది. ఇది డిగ్రీ మొదటి సంవత్సరం పాఠం. పైన వాన నీళ్లు నిండినా అవి ఉత్త నీళ్లే. ఎవరైనా పరీక్ష చేయించుకోవచ్చు.

మధ్యాహ్నం అటువైపు వెళ్లాను. అంచున గిట్టల గుర్తులు ఉన్నాయి. పాతవి కావచ్చు. నీళ్లు కొంచెం నీలంగా ఉన్నాయి. ఆకాశం నీడ.

ఎందుకైనా మంచిదని బస్తాడు సున్నం పోసి చుట్టూ తుమ్మకంప కప్పాను. పిల్లలు పడతారు కదా, ఎప్పటినుంచో కప్పాలనుకుంటున్నదే.

ఆగస్టు 19, సోమవారం

కాశిఫ్ భాయ్ వచ్చాడు. రింగు తీసుకుపోవడానికి వచ్చాడు గానీ దాని ఊసే ఎత్తలేదు. నేరుగా నాయిన దగ్గరికి పోయి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చాచా, వినంగనే దిల్ ఖరాబైంది. గిట్ల ఎట్లాయె?"

"నా చెయ్యి చెడ్డది బిడ్డా" అన్నాడు నాయిన. "తాపకుండ ముంచిన."

వెళ్లేటప్పుడు బండి దగ్గర కాశిఫ్ భాయ్ నన్ను ఆపాడు. గొంతు తగ్గించాడు.

"మల్లీశ్వరి, నీ పాత రాగి నీళ్లు ఏం జేసినవ్?"

"సున్నం కలిపి, విరిగినంక మడ్డిని డబ్బాల వోసి మూత వెట్టిన. నువ్వు చెప్పినట్టే."

"పక్కా?"

"పక్కా భాయ్."

"అచ్ఛా. ఫికర్ జేసిన జర. మా దగ్గర ఎవరో మోరీల వోస్తె కోళ్లు సచ్చినయ్, అందుకే అడిగిన."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం. మూత రంగు అడిగితే అది కూడా చెప్పేదాన్నేమో.

ఆగస్టు 20, మంగళవారం

నాయిన మిగిలిన మందను బీరన్న చిన్నాయినకు అప్పగించాడు.

వాకిట్లో నలుగురూ ఉన్నప్పుడే చెప్పాడు. గొంగడి మడిచి, కర్ర దాని మీద పెట్టి చిన్నాయిన ముందుకు తోశాడు. "ఇంక నువ్వే గాయి. నీళ్లు తాపిన్నో లేదో యాదికి లేనోడు గొర్లు గాయొద్దు."

చిన్నాయిన "అన్నా, ఒక్కపారి జరిగిందానికి గంత మాటెందుకు?" అంటూ ఏడ్చేశాడు. నాయిన ఏడవలేదు. మంద గేటు దాటుతుంటే రెండు గొర్రెలు ఆగి వెనక్కి చూశాయి. నాయిన లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను మేడ మీదికి వెళ్లి కాశిఫ్ భాయ్ పంపిన బ్రేక్ లీవర్లు రుద్దాను. చాలాసేపు రుద్దాను.

ఆగస్టు 22, గురువారం

నాయిన కొత్తగా ఒకటి మొదలుపెట్టాడు. పొద్దున అమ్మను అడిగాడు: "నిన్న నేను తానం జేసిన్నా?"

"జేసినవ్."

"ఏం కూర తిన్న?"

"పుంటికూర."

"అవును. పుంటికూర." తల ఊపాడు. కొంచెంసేపటికి మళ్లీ: "తలుపుకు గొళ్లెం ఏసిన్నా రాత్రి?"

అమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుని జవాబు చెబుతోంది. నేను వాళ్ల ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను.

ఆగస్టు 23, శుక్రవారం

సగం చెప్పాను.

"నాయినా, నేనిచ్చిన మైలుతుత్తం ఘాటు ఎక్కువ గావచ్చు. ఎరువుల దుకాణంల దొరికేదానికన్న అసలుది అది. తప్పు నాది గావచ్చు" అన్నాను. ఇలా చెబితే బరువు ఇద్దరికీ పంచినట్టవుతుందనుకున్నాను.

నాయిన నా తల నిమిరాడు. "ఇచ్చినదానికి నువ్వేం జేస్తవ్ బిడ్డా. కలిపింది నేను. ముంచింది నేను."

ఇంకేం చెప్పాలి. చెప్పాను కదా.

ఆగస్టు 25, ఆదివారం

లీవర్లకు నికెల్ పూత వేశాను. బాగా వచ్చింది.

ఆగస్టు 26, సోమవారం

బాగా రాలేదు. పొరలు పొరలుగా లేచింది. గీకి మళ్లీ మొదలుపెట్టాలి.

ఆగస్టు 28, బుధవారం

మధ్యాహ్నం చిన్నాయిన పరిగెత్తుకొచ్చాడు. చేతులు మోచేతుల దాకా నెత్తురు.

"అన్నా, మచ్చల గొర్రె ఈనుతలేదు. పిల్ల అడ్డం తిరిగింది. నాతోని గాదు, నువ్వు రావాలె."

చుట్టుపక్కల ఎక్కడ గొర్రెకు పిల్ల అడ్డం తిరిగినా నాయిననే పిలుస్తారు. యాలాల్ నుంచి కూడా బండి వేసుకుని వచ్చి తీసుకుపోయిన వాళ్లున్నారు. నాయిన చెయ్యి లోపల పెట్టి కళ్లు మూసుకుంటాడు, అంతే, పిల్ల తిరుగుతుంది. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

నాయిన మంచం దిగాడు. నాలుగు అడుగులు వేశాడు. ఆగిపోయాడు.

"నేను రాను."

"అన్నా, సస్తదే!"

"నా చెయ్యి పెడితె ఇంకా సస్తది. ఏ కాలు పట్టిన్నో, ఏది గుంజిన్నో మరుస్త. డాక్టర్ను విలువు."

అమ్మ అతని రెక్క పట్టుకుని లాగింది. "గీ ఒక్కపారి వోవయ్యా" అని బతిమాలింది. నాయిన గుంజకు చుట్టుకుపోయి నిలబడ్డాడు, చిన్నపిల్లాడు బడికి పోనన్నట్టు.

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. నేను అక్కడే ఉన్నాను, నీళ్ల చెంబు పట్టుకుని. అందరి ముందా అనుకున్నాను. సాయంత్రం ఒంటరిగా చెబుదామనుకున్నాను.

డాక్టరు ఇంకో ఊళ్లో ఉన్నాడట. ఆయన వచ్చేలోపే మచ్చల గొర్రె పోయింది. కడుపులో పిల్ల కూడా.

ఇది రాగితో చావలేదు. ఇది రాగితో చావలేదు.

ఆగస్టు 29, గురువారం

చెప్పేశాను.

జరిగింది జరిగినట్టు రాయాలి, ఎందుకంటే నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

పొద్దున చాయ్ తాగాక, "నాయినా, ఒకపారి ఇంటెన్కకు రా" అన్నాను. ఎందుకని అడగకుండా వచ్చాడు. కంప లాగేశాను. వారం రోజుల ఎండకు నీళ్లు సగానికి దిగాయి. తెల్లటి సున్నం గడ్డల మధ్య బండ గోడ అంతా నీలంగా, పచ్చగా, చారలు చారలుగా ఉంది. పాఠంలో చెప్పినట్టే రాగి రాతికి పట్టుకుంది. కాకపోతే నిదానంగా పట్టుకుంది.

"గిదేంది బిడ్డా?"

"నా పూత నీళ్లు. ఆ రింగుకు రాగి ఎక్కించిన నీళ్లు. చెడిపోతె రెండు బక్కెట్లు ఈడ వారవోసిన. నువ్వు కాళ్లకు కలిపిందానికన్న ఎన్నో రెట్లు మైలుతుత్తం ఉంటది దాంట్ల. మీదికెళ్లి వాన నిండింది. ఆ బుధారం నాడు, సచ్చేముందు దినం, నువ్వు మందను గీ బాటెంబడే తోల్కొచ్చినవ్."

నాయిన గుంత అంచుకు వెళ్లి చూశాడు. వంగి చూశాడు.

"గీడనే ఆగినయ్" అన్నాడు మెల్లగా. "నేను బీడీ ముట్టిచ్చుకుంట నిలవడ్డ. తాగినయ్. వాననీళ్లే గదా, తాగనీ అనుకున్న."

"నువ్వు నీళ్లు తాపినవ్ నాయినా. సోమారం. కడుపులు నిండినంకనే ముంచినవ్. నేను తలుపుకాడ నిలవడి సూసిన."

"సూసినవా?"

"సూసిన."

"నీ కండ్లతోని?"

"నా కండ్లతోని. ఒక్కదాని మూతి గూడ నువ్వు ఆ నీళ్లకు తగలనియ్యలె."

"మళ్లొకపారి చెప్పు."

మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. నేను దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాను. నాయిన ఎప్పుడూ నన్ను కొట్టలేదు, అయినా ఎదురుచూస్తున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

నవ్వు వినిపించింది.

కళ్లు తెరిచేసరికి నాయిన బండ మీద కూర్చుని రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటూ నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పట్టించుకోవడం లేదు. "బుగ్గమ్మా! ఓ బుగ్గమ్మా! తాపిన్నటనే! నేను నీళ్లు తాపిన్నట!" అని ఇంట్లో ఉన్న అమ్మను కేకేశాడు. లేచి, తువ్వాల దులిపి తలకు చుట్టుకుని, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి వెళ్లిపోయాడు.

నేను గుంత దగ్గరే నిలబడిపోయాను. వీధిలోంచి గొంతు వినిపిస్తూనే ఉంది. మొదట రామమ్మ పెద్దమ్మ ఇంటి ముందు. తర్వాత దుకాణం దగ్గర. తర్వాత ఇంకా దూరంగా.

"నా చెయ్యి గాదట! యాది గూడ మంచిగనే ఉంది నాకు! మా మల్లీశ్వరి మందునీళ్లు వారవోసిందట, అవి తాగి సచ్చినయట! నేను తాపినంకనే ముంచిన్నట, అదే సూసిందట!"

పెళ్లి కబురు చెబుతున్నట్టు చెబుతున్నాడు. ఇంటింటికీ ఆగి చెబుతున్నాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను, ఏడుపుకు సిద్ధపడ్డాను. దీనికి కాదు. ఆ బండ మీదే, నాయిన కూర్చున్న చోటే కూర్చున్నాను.

నేను లోపలికి వచ్చేసరికి వంటింట్లో అమ్మ రొట్టె కొడుతోంది. చప్పుడు ఆగింది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

నేను చేతికి గుచ్చుకున్న కంప ముల్లు తీసుకుంటున్నాను.

"ఎప్పటిసంది?"

"మొదటి దినం నుంచి" అన్నాను. పెంట రంగు చూసినప్పటి నుంచి. నా నోటితో అనేదాకా ఇంత పాతదని నాకే తెలియదు.

అమ్మ రొట్టె పెనం మీద వేసింది. తిప్పింది. ఇంకొకటి కొట్టడం మొదలుపెట్టింది. నన్ను తినడానికి పిలవలేదు.

ఆగస్టు 31, శనివారం

నల్లా దగ్గర నేను బిందె పెట్టగానే మాటలు ఆగిపోతున్నాయి. దేవమ్మ ఒక్కతే ముఖం మీద అడిగింది: "గంత సదువుకుంటివి, ఆ నీళ్లు గొర్లు తాగుతయని తెల్వదా?" తెలియదు అన్నాను. "సచ్చినంక మీ నాయినకు చెప్పాలని గూడ తెల్వదా?" అంది. బిందె సగం నిండగానే తెచ్చుకున్నాను.

కాశిఫ్ భాయ్ సున్నం బస్తాలు, పాత పీపా బండిలో వేసుకుని వచ్చాడు. ఎవరు చెప్పారో. గుంతలో నీళ్లకు సున్నం పట్టించి, మడ్డి తోడి పీపాలో పోసి మూత బిగించాం. పొద్దంతా పట్టింది. ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. చేతులు కడుక్కున్నాక మాత్రం అన్నాడు:

"నేను అడిగినప్పుడే చెప్పుంటె, చాచాకు ఆ పది దినాల గోస ఉండకపోవు."

తర్వాతి పార్టులు ఎప్పుడు పంపాలో చెప్పలేదు. నేను అడగలేదు. పీపాను ఆయనే తీసుకుపోయాడు, కాలుష్యం ఆఫీసు వాళ్లను అడిగి ఎక్కడ ఇవ్వాలో కనుక్కుంటానన్నాడు. గుంతను రాళ్లతో నింపి సిమెంటుతో మూసే పని నాది.

సెప్టెంబర్ 2, సోమవారం

నాయిన మందను వెనక్కి తెచ్చుకున్నాడు. చిన్నాయిన దారి పొడుగునా నవ్వుతూనే వచ్చాడు. ఇంట్లో రెండు వారాల తర్వాత నాయిన ఈల వినిపించింది. అమ్మ చాయ్ పెట్టింది, నాకూ ఒక గ్లాసు పెట్టింది. మాట్లాడలేదు.

అయిపోయిందనుకున్నాను.

సెప్టెంబర్ 4, బుధవారం

మధ్యాహ్నం నాయిన దొడ్డి గోడ నీడలో సద్ది తింటున్నాడు. నేను నీళ్లు తెచ్చి పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"గొర్లు సచ్చినయ్. అది నువ్వు తెల్వక జేసినవ్. దానికి నాకేం లేదు బిడ్డా."

నేను తల ఊపాను.

"కని, నిన్న తానం జేసిన్నా అని నేను మీ అమ్మను అడుగుతుంటె, నువ్వు ఆడనే ఉన్నవ్ గదా."

"ఉన్న."

"అన్నం తింటున్నవ్."

"అవును."

"ఎట్ల తిన్నవ్?"

కోపం లేదు ఆ గొంతులో. ఏదైనా వస్తువు ఎలా పని చేస్తుందో అడిగినట్టు, నా వైపే చూస్తూ అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నాడు. చివరికి ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, లేచి పోయాడు.

భయమేసింది అని రాసి కొట్టేశాను. సిగ్గేసింది అని రాసి కొట్టేశాను. ఆ పొద్దున నేను తిన్నదీ ముందురోజు మిగిలిన పుంటికూరే. రుచిగా ఉంది. రెండోసారి వడ్డించుకున్నాను. అది కొట్టేయడానికి లేదు.

సెప్టెంబర్ 5, గురువారం

ఏమీ లేదు.

సెప్టెంబర్ 8, ఆదివారం

పొద్దున నాయిన మందను విప్పుతుంటే, "నేను గూడ వస్త" అన్నాను. "ఎండ కొడతది" అన్నాడు. అయినా వెళ్లాను. అతను ముందు, నేను వెనక. మేసే గొర్రెల వెనక నడవడం ఇంత కష్టమని అనుకోలేదు. ఆగాలనుకున్నప్పుడు అవి నడుస్తాయి, నడవాలనుకున్నప్పుడు ఆగుతాయి. కంది చేల గట్ల మీద నాయిన నోటితో చేసే చప్పుళ్లకు అవి తిరిగాయి. నేను చేస్తే ఒక్కటీ తల ఎత్తలేదు.

మధ్యాహ్నం రోడ్డు పక్కన బొంరాస్‌పేట వైపు నుంచి వస్తున్న ఇంకో మంద ఎదురైంది. ఆ మంద కాసే పెద్దాయన నాయినకు ఎరుకే. నన్ను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ బీడీలు వెలిగించుకున్నారు. ఆయన మా మంద వైపు చూసి నొసలు ముడిచాడు.

"ఏందే బిచ్చన్నా, మంద గింత సన్నగైంది? అమ్మినవా?"

నాయిన ఇప్పుడు చెబుతాడనుకున్నాను. పది రోజులుగా కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాడు, నేను పక్కన ఉన్నా లేకున్నా. ఈసారి బీడీ నోట్లో పెట్టుకుని రోడ్డు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. అడిగినాయన జవాబు కోసం చూస్తున్నాడు. ఒక లారీ పోయింది, బండల లోడు. దుమ్ము అణిగింది. నాయిన ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు.

"సచ్చిపోయినయ్" అన్నాను. "నేను రాగి పూత నీళ్లు గుంతల వారవోసిన. అవి తాగినయ్."

పెద్దాయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"తెలిసినంక గూడ చెప్పలె నేను" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. "మా నాయిన తన చెయ్యి చెడ్డదనుకున్నడు. మంద ఇడిసివెట్టిండు. అట్లనే ఉండనిచ్చిన. దాంతోని ఈననీకె వచ్చిన గొర్రె గూడ సచ్చింది."

పెద్దాయన బీడీ ఆర్పేసి నాయిన వైపు తిరిగాడు.

"ఎవరే గీ పిల్ల?"

"నా బిడ్డ" అన్నాడు నాయిన.